రాయి మీద కొయ్య స్తంభం: జపాన్ వడ్రంగుల పద్ధతి

నమస్తే అండీ. ఈ రాయి చూడండి. ఉలి తగలని రాయి, పైనంతా ఎగుడుదిగుడు. దీని మీద ఈ హినోకి (జపాన్ సైప్రస్ కలప) స్తంభాన్ని నిలబెట్టాలి. రాయిని చదును చెయ్యం. స్తంభం అడుగునే రాయికి తగ్గట్టు చెక్కుతాం. ఈ పనిని జపాన్‌లో హికారిత్సుకె అంటారు.

పూర్వం అక్కడా గుంజల్ని నేలలో పాతేవారు. నేలమట్టం దగ్గర తేమా గాలీ రెండూ తగులుతాయి కాబట్టి ముందు అక్కడే పుచ్చిపోతుంది. జపాన్‌లోని ఇసే షింటో మందిరాల స్తంభాలు ఇప్పటికీ పాతినవే. వాటిని 20 ఏళ్లకోసారి కొత్తగా కడతారు కాబట్టి సరిపోతుంది. 588లో మొదలైన అసుకా దేరా బౌద్ధాలయం కోసం కొరియా నుంచి, అప్పటి పెక్చే రాజ్యం నుంచి, పనివాళ్లు వచ్చారు. పునాది రాళ్ల మీద స్తంభాలు నిలిపే పద్ధతి వాళ్లతోనే వచ్చింది. చరిత్రకి ఇది చాలు, పనిలోకి దిగుదాం.

రాయి కింద నేలని ముందే గట్టిగా దిమ్మిస కొట్టి ఉంచాం. రాయి పైభాగం నేలకన్నా ఎత్తుగా ఉండాలి, వాన నీళ్లు నిలవకుండా జారిపోవాలి. స్తంభం అడుగు కొస నీళ్లని ఇట్టే పీల్చేస్తుంది మరి.

ఇప్పుడు స్తంభాన్ని రాయి మీద నిలబెట్టి, తూకం గుండుతో రెండు వైపుల నుంచీ నిలువు చూసి, ఆనుకర్రలు బిగించండి. రాయి మీదా స్తంభం మీదా మధ్య గీతలు కొట్టుకోండి. ఎన్నిసార్లు ఎత్తి దించినా ఆ గీతలు కలవాల్సిందే.

ఇక కంపాస్. స్తంభానికీ రాయికీ మధ్య ఎక్కడ సందు ఎక్కువుందో చూసి, అంతకన్నా ఒక నూలు (అంగుళంలో ఎనిమిదో వంతు) ఎక్కువగా తెరవండి. ఒక కాలు రాయి మీద పాకాలి, రెండోది స్తంభం మీద గీత గీయాలి. దగ్గరగా చూడండి: రెండు కాళ్లూ ఎప్పుడూ ఒకదాని మీద ఒకటి, నిట్టనిలువుగా ఉన్నాయి. రాయి వాలు చూసి చెయ్యి కూడా వాలిందా, గీత తప్పినట్టే. నన్నడిగితే సగం పని ఇక్కడే ఉంది. జపాన్ వడ్రంగులు వెదురు ముక్కని చీల్చి, సిరాలో ముంచి కూడా ఈ గీత గీస్తారు.

స్తంభాన్ని పడుకోబెట్టి, చుట్టూ గీత వరకు ఉలితో తియ్యండి. మధ్యలో కొంచెం లోపలికి గుంట చెయ్యండి, అప్పుడు అంచులే ముందు ఆనుతాయి. మరీ లోతుగా తీస్తే అంచు సన్నబడి బరువుకి నలిగిపోతుంది, జాగ్రత్త.

రాయికి బొగ్గుపొడి రాసి, స్తంభాన్ని మెల్లగా దించి, మళ్లీ ఎత్తండి. ఇదిగో, ఈ నల్లమచ్చలు! ఎత్తుగా ఉన్న చోట్లు ఇవే. మచ్చ పడ్డంత మేరే గీరండి. మళ్లీ దించండి, మళ్లీ గీరండి. అంచు చుట్టూ మచ్చ ఒకేలా పడేదాకా ఇంతే. ఓపిక లేక మధ్యలో ఆపేసి సందులో చెక్క బద్దలు దూర్చేవాళ్లున్నారు. అలా చెయ్యొద్దు, బరువంతా ఆ బద్దల మీదే పడుతుంది.

మేకులు, బోల్టులు ఏమీ లేవు. స్తంభం తన బరువుతోనే నిలుస్తుంది. పెద్ద భూకంపం వస్తే రాయి మీద కాస్త జరగొచ్చు కూడా. అందుకే స్తంభాల కాళ్లు విడిపోకుండా, రాళ్లకి కొంచెం పైన అడ్డదూలాలతో కలుపుతారు. వీటిని అషిగటమె అంటారు. స్తంభంలో వాటి కొసలు దూరే రంధ్రాలు ఎక్కడ తొలవాలో, అడుగు పూర్తిగా కూర్చున్నాకే గుర్తు పెట్టుకోండి. ముందే పెడితే చెక్కేకొద్దీ స్తంభం కిందికి దిగుతుంది, కొలతలన్నీ తేడా వస్తాయి.