పాత కారుకు మీటరు కాదు, తేదీలు చూడండి

అందరికీ నమస్కారం. ఆదివారం పూట ఇంత మంది వచ్చారు, చాలా సంతోషం. నేను ఐటీఐలో మోటార్ మెకానిక్ ట్రేడు పిల్లలకు పాఠాలు చెబుతాను. ఈ కాలనీలో పదిహేనేళ్లు దాటిన కార్లు బాగానే కనిపిస్తున్నాయి. వాటిని అమ్మేయమని చెప్పడానికి నేను రాలేదు. లక్షన్నర కిలోమీటర్లు తిరిగిన బండి సరిగ్గా చూసుకుంటే ఇంకో లక్ష తిరుగుతుంది.

కొత్త బండికి మీటరు చూసి సర్వీసింగ్ చేయిస్తాం. పాత బండిలో ముందు దెబ్బతినేవి రబ్బరు, ఆయిళ్లు, కూలెంటు, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం. బండి తిరిగినా, షెడ్డులో నిలబడి ఉన్నా అవి పాడవుతూనే ఉంటాయి. "వారానికోసారి గుడికి తీస్తాను, దీనికి సర్వీసింగ్ ఎందుకండీ?" అని పెద్దవాళ్లు అడుగుతుంటారు. నడిరోడ్డు మీద ఆగిపోయేది ఎక్కువగా అలాంటి బండే. అందుకని ఒక చిన్న నోట్‌బుక్ కొని డాష్‌బోర్డు అరలో పెట్టండి. ఏది మార్చినా తేదీ రాయండి.

అన్నింటికంటే ముందు రేడియేటర్ సంగతి. మన ఎండల్లో పాత ఇంజిన్లను చంపేది వేడే. బండి వేడెక్కితే ఇంజిన్ పైభాగాన ఉండే అల్యూమినియం హెడ్డు వంగుతుంది, దాని కింద లీకు కాకుండా ఆపే గ్యాస్కెట్ పోతుంది, ఖర్చు వేలల్లోకి వెళ్తుంది. దీనికి మూలం చాలాసార్లు ఒక చిన్న మూత. రేడియేటర్ మూతలో స్ప్రింగు, రబ్బరు వాషరు ఉంటాయి. అవి లోపల ఒత్తిడిని పట్టి ఉంచుతాయి కాబట్టే లోపలి కూలెంటు వంద డిగ్రీలు దాటినా మరగదు. వాషరు గట్టిపడి పగిలిందంటే ఒత్తిడి నిలవదు, ట్రాఫిక్‌లో ఏసీ వేయగానే డాష్‌బోర్డులో వేడి చూపించే ముల్లు పైకి లేస్తుంది. పొద్దున్నే, ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు ఆ మూత తీసి వాషరును గోటితో నొక్కి చూడండి. మెత్తగా లోపలికి దిగాలి. లోపలి నీళ్లు తుప్పు రంగులో ఉన్నా, పైన నూనె తేలినా ఆ రోజు బండి తీయకండి. వేడి మీద మాత్రం మూత జోలికి వెళ్లొద్దు, ముఖం కాలుతుంది.

బోరు నీళ్లు పోయకండి. నీళ్ల హీటర్ రాడ్డుకు పట్టే తెల్ల పొరే రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ పడుతుంది. డిస్టిల్డ్ వాటర్ కలిపిన కూలెంటే పోయించండి, కంపెనీ చెప్పిన గడువుకు మార్పించండి.

ఇంకోటి గట్టిగా చెప్పాలి. బండి హీటవుతోందని తీసుకెళ్తే కొందరు మెకానిక్‌లు కూలెంటును రేడియేటర్‌లోకి వదిలే థర్మోస్టాట్ వాల్వ్ పీకేసి, ఇక భయం లేదంటారు. ఒప్పుకోకండి. ఆ వాల్వ్ సుమారు 82 నుంచి 88 డిగ్రీల దగ్గర తెరుచుకుంటుంది, అంతవరకు ఇంజిన్‌ను త్వరగా వేడెక్కనిస్తుంది. అది లేకపోతే ఇంజిన్ చాలాసేపు చల్లగానే తిరుగుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, లోపల అరుగుదల పెరుగుతుంది. అసలు జబ్బు అలాగే ఉంటుంది. పాడైతే కొత్తది వేయమనండి.

టైమింగ్ బెల్ట్ గురించి కూడా తెలుసుకోండి. ఇంజిన్ లోపల పిస్టన్లు, వాల్వులు తాళం తప్పకుండా కదిలేలా చూసే బెల్టు అది. 2010కి ముందు వచ్చిన పాత వేగనార్‌లో బెల్టు ఉంటుంది, ఆ తర్వాత వచ్చిన మారుతి కె సిరీస్ ఇంజిన్లలో బెల్టు బదులు చైను ఉంటుంది. బెల్టు సాధారణంగా 80 వేల నుంచి లక్ష కిలోమీటర్ల లోపు మార్చాలి. అంత తిరగకపోయినా ఏళ్లు గడిచాయంటే మార్చాల్సిందే. చాలా ఇంజిన్లలో అది తెగితే పిస్టన్లు వెళ్లి వాల్వులకు కొడతాయి. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవాళ్లు, పాత ఓనరు మార్పించిన రుజువు లేకపోతే మార్చలేదనే అనుకోండి.

పొగ రాగానే ఇంజిన్ విప్పి సిలిండర్లు బోరు చేయించాలని కంగారు పడొద్దు. పొద్దున సెల్ఫ్ కొట్టగానే నీలం పొగ వచ్చి కాసేపటికి ఆగిపోతే, వాల్వుల దగ్గర ఆయిల్ కారకుండా ఆపే వాల్వ్ సీల్స్ పోయి ఉండొచ్చు. అది చిన్న పని. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా వస్తుంటే పిస్టన్ చుట్టూ ఉండే రింగుల మీద అనుమానం. తేడా మీరే గమనించి మెకానిక్‌తో చెప్పండి, సగం ఖర్చు అక్కడే తగ్గుతుంది. వెయ్యి కిలోమీటర్లకు ఒకసారి డిప్‌స్టిక్, అంటే ఇంజిన్‌లో ఆయిల్ ఎంతుందో కొలిచే పుల్ల, తీసి ఆయిల్ చూసుకోండి.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. రెండేళ్లకొకసారి మార్చకపోతే, తిరుమల నుంచో శ్రీశైలం నుంచో ఘాట్ దిగేటప్పుడు వేడికి అందులో ఆవిరి పుట్టి పెడల్ కిందికి జారిపోతుంది. ఘాట్‌లో తక్కువ గేరులో దిగండి, బ్రేకు మీదే కాలు పెట్టి కూర్చోకండి. టైర్ల మీద నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. గాట్లు బాగున్నాయి కదా అని పదేళ్ల టైరుతో హైవే ఎక్కడం ప్రాణాలతో ఆడుకోవడమే.

ఇప్పుడు బంకుల్లో వస్తున్న పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ ఉంటోంది. పదిహేనేళ్ల కిందటి బండి రబ్బరు పైపులు దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. సర్వీసింగ్‌లో ఫ్యూయల్ పైపులు ప్రత్యేకంగా చూడమనండి. బానెట్ ఎత్తగానే పెట్రోలు వాసన వస్తే అదే రోజు మార్పించండి, రేపటికి వాయిదా వేయకండి.

పదిహేనేళ్లు నిండగానే ఆర్సీ రెన్యువల్ చేయించాలి, ఐదేళ్లకు ఇస్తారు. గడువు దగ్గర పడ్డాక పరుగెత్తకుండా లైట్లు, బ్రేకులు, పొల్యూషన్ ముందే సరిచూసుకుని ఆర్టీవో ఆఫీసుకు వెళ్లండి. ఇక మీ మీ బండ్ల సంగతులు అడగండి. ఏ సంవత్సరం మోడలో, కూలెంటు ఎప్పుడు మార్చారో ముందు చెబితే నాకు జవాబు చెప్పడం తేలిక.