డిశ్చార్జి కాగితం దాచుకోండి

శ్రోతలకు నమస్కారం.

సంపాదించే మనిషి మంచాన పడితే ఆ ఇంటికి ప్రభుత్వం నుంచి రెండు రకాల సాయం అందాలి. ఒకటి వైద్యం, రెండోది నెలనెలా పింఛను. ఆంధ్రప్రదేశ్‌లో వైద్యానికి ఎన్టీఆర్ వైద్యసేవ, పింఛనుకు ఎన్టీఆర్ భరోసా. ఆసుపత్రి దాకా అందరూ బాగానే వెళ్తున్నారు. అక్కడి నుంచి పింఛను దాకా వెళ్లే దారిలోనే చాలామంది ఆగిపోతున్నారు. ఎక్కడ ఆగుతున్నారో ఒక్క ఉదాహరణతో చెబుతాను.

ఒక తాపీమేస్త్రి ఉన్నాడనుకోండి. 45 ఏళ్లు. తెల్లారి లేచేసరికి కుడిచేయి, కుడికాలు పడిపోయాయి. మాట ముద్దగా వస్తోంది. పక్షవాతం. ఇంట్లోవాళ్లు వెంటనే వైద్యసేవ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడ లోపలికి వెళ్లగానే కలవాల్సింది ఆరోగ్యమిత్రను, అంటే ఆసుపత్రిలో వైద్యసేవ పథకం పనులు చూసే మనిషిని. ఆధార్, రేషన్ కార్డు చూపించి పేరు నమోదు చేయించాలి. ముందు డబ్బు కట్టేద్దాం, పథకం సంగతి తర్వాత చూద్దాం అనుకుంటే, కట్టిన డబ్బు వెనక్కి రాబట్టడం చాలా కష్టం. పథకంలో చేరాక కూడా ఎవరైనా డబ్బు అడిగితే 104కు ఫోన్ చేసి చెప్పండి.

మేస్త్రి గండం గడిచి ఇంటికి వచ్చాడు. చేతికి ఒక కాగితం ఇచ్చారు. డిశ్చార్జి సమ్మరీ. దయచేసి ఈ కాగితం దాచుకోండి. స్కాన్ రిపోర్టుతో కలిపి దాచుకోండి. మందులు అయిపోగానే చీటీలతో పాటు దాన్నీ పారేసేవాళ్లు ఎందరో.

ఎందుకు దాచాలంటే, పింఛనుకు సదరం సర్టిఫికెట్ కావాలి, అంటే వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు పరీక్షించి ఇచ్చే ప్రభుత్వ పత్రం. అందులో వైకల్యం కనీసం 40 శాతం ఉండాలి. పక్షవాతం లాంటి నరాల జబ్బుతో వచ్చిన వైకల్యాన్ని, జబ్బు వచ్చిన ఆరు నెలల తర్వాతే కొలవాలని నిబంధన. ఈలోపు కొంత కోలుకుంటారు కదా, అందుకని. ఆ ఆరు నెలలు ఏ తేదీ నుంచి లెక్క? జబ్బు వచ్చిన తేదీ నుంచి. దానికి రుజువు డిశ్చార్జి కాగితమే. అది లేకపోతే జబ్బు ఎప్పుడొచ్చిందో మీ నోటిమాట తప్ప రుజువు ఉండదు. మరీ ముందుగా వెళ్తే తిప్పి పంపుతారు. కిరాయి ఆటోలో మంచంపట్టిన మనిషిని తీసుకెళ్లి ఉత్తచేతులతో రావడం ఎంత కష్టమో ఊహించండి.

ఆరు నెలలు నిండాక మీసేవలో గానీ, గ్రామ, వార్డు సచివాలయంలో గానీ సదరం స్లాటు, అంటే పరీక్షకు తేదీ, బుక్ చేసుకోవాలి. ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. మన మేస్త్రికి చేయీ కాలూ ఒక ఇబ్బంది, మాట రాకపోవడం మరో ఇబ్బంది. చాలామంది చేయి, కాలు చూపించి వచ్చేస్తారు. మాట సంగతి ఎత్తరు. డాక్టర్లు చేయీ కాలికి 30 శాతం వేశారనుకోండి, పింఛను రాదు. మాటకు 20 శాతం ఉందనుకోండి, అది ఒక్కటే అయినా రాదు. రెండూ చూపిస్తే? ముప్ఫై, ఇరవై కలిపి యాభై అనుకోకండి. లెక్క వేరేగా ఉంటుంది. 90లోంచి పెద్ద అంకెను తీసేస్తే 60. చిన్న అంకె 20ని ఆ 60తో గుణించి 90తో భాగిస్తే 13 చిల్లర. దాన్ని 30కి కలిపితే 43. అంటే 40 దాటింది. అందుకే ఉన్న ఇబ్బందులన్నీ చెప్పండి. చూపు, వినికిడి, మాట, ఏది ఉన్నా చెప్పండి.

పరీక్షలో డాక్టరు కండరాల బలాన్ని 0 నుంచి 5 వరకు అంకెల్లో చూస్తారు. కొందరు పట్టుదలతో, పంటి బిగువున చేయి ఎత్తి చూపిస్తారు. ఆ అభిమానం నాకు అర్థమవుతుంది. కానీ రోజూ ఇంట్లో ఎంత ఎత్తగలరో అంతే ఎత్తండి. చొక్కా గుండీ పెట్టుకోలేకపోతే, అన్నం కలుపుకోలేకపోతే ఆ మాటే చెప్పండి. ఎక్కువ చేసి చెప్పొద్దు, తక్కువ చేసి చెప్పొద్దు.

సర్టిఫికెట్ చేతికి రాగానే అది శాశ్వతమా, తాత్కాలికమా చూసుకోండి. తాత్కాలికమైతే గడువు తేదీ ఉంటుంది. ఆ తేదీకి రెండు నెలల ముందే మళ్లీ స్లాటు చూసుకోండి.

ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000. తెలంగాణలో 2023లో దివ్యాంగుల పింఛనును 4,016 చేశారు. మొత్తంలో తేడా ఉన్నా, వైకల్యం కొలిచే శాతం లెక్క దేశమంతటా ఒకటే.

2025లో ఆంధ్రప్రదేశ్‌లో పింఛను తీసుకుంటున్నవారికి మళ్లీ పరీక్షలు జరిపినప్పుడు 40 శాతం కన్నా తక్కువ వచ్చిందని ఎందరికో నోటీసులు వెళ్లాయి. అలాంటి నోటీసు వస్తే కంగారు పడి ఊరుకోవద్దు. పల్లెలో ఎంపీడీవోకు, పట్టణంలో మున్సిపల్ కమిషనర్‌కు అప్పీలు పెట్టుకోండి. అప్పుడూ ఆ డిశ్చార్జి కాగితమే జత చేయండి.

ఒకటో తేదీన పింఛను ఇవ్వడానికి ఇంటికి వచ్చే సిబ్బంది వేలిముద్ర అడుగుతారు. పక్షవాతంతో బిగుసుకున్న పిడికిలి విప్పి వేలు ఆనించడం కష్టమైతే రెండో చేతి వేలు ఇవ్వండి. అదీ పడకపోతే కంటిపాపతో గానీ ముఖంతో గానీ నమోదు చేయమని అడగండి. ఆ నెల ఇంట్లో లేకపోయినా భయం లేదు. వరుసగా రెండు నెలలు తీసుకోలేకపోతే మూడో నెలలో మూడు నెలలదీ కలిపి ఇస్తారు.