ఫ్లెక్సీ ఉంచాలా, దించాలా?

రాజమండ్రి స్టూడియోలో మొన్న రాత్రి నడిచిన చర్చకు ఇది అక్షర రూపం. సంక్రాంతి కబడ్డీ టోర్నీలో దుమ్ము లేపిన కోనసీమ కుర్రాడొకడు ఏటిగట్టు మీద కూర్చుని ఏదో తాగుతున్న ఇరవై సెకన్ల వీడియో బయటికొచ్చింది. గంజాయేనని ఫోన్లన్నీ తేల్చేశాయి. తెల్లారేసరికి ఊరి సెంటర్లో అతని ఫ్లెక్సీ చిరిగి ఉంది. కుర్రాడి పేరు మేం రాయడం లేదు. ఇద్దరు ముగ్గురు ఒకేసారి మాట్లాడినచోట వినబడినంతే రాశాం. టోర్నీ పెట్టిన రొయ్యల మేత డీలరు గారి మైకు మాత్రం ఎందుకో మిగతావాటికంటే గట్టిగా పలికింది.

యాంకర్: నమస్కారం. ఈ రోజు రెండు వైపుల వాదనలకూ సమానంగా టైమ్ ఇస్తాం. ముందుగా టోర్నీ నిర్వాహకులు. సార్, సూటిగా చెప్పండి. ఆ ఫ్లెక్సీ మళ్లీ కట్టాలా, వద్దా?

డీలరు: కట్టే ప్రసక్తే లేదండి. టోర్నీకి మ్యాట్ నాది, లైట్లు నావి, మూడు రోజులు కుర్రాళ్లకి నాటుకోడి భోజనం నాది. ముప్పై అడుగుల ఫ్లెక్సీ అండి అది. మా మేత బ్రాండు పేరుంది దాని మీద...

లాయరు: మీ ఫొటో కూడా ఉంది.

డీలరు: ఉంటదండి, ఎందుకుండదు? డబ్బు పెట్టినోడి ఫొటో ఉండదా? ఇప్పుడు చెరువుల దగ్గరికెళ్తే రైతులు "ఏవండీ, మీ వోడు దమ్ము కొట్టాడంట" అని నవ్వుతున్నారు. పరువు ఎవరిదండి పోయింది?

డాక్టరు: ఒక్క నిమిషం. అది గంజాయో బీడీయో పరీక్ష చేసిందెవరు?

డీలరు: వీడియో ఉందిగా!

డాక్టరు: వీడియోలో వాసన రాదండి.

యాంకర్: డాక్టరు గారూ, మీ దగ్గరికి వస్తాను. మేడం, మీరు రాష్ట్ర జట్టుకి కబడ్డీ ఆడారు. పిల్లలు ఆ ఫ్లెక్సీ చూసి ఏం నేర్చుకుంటారు?

క్రీడాకారిణి: ఫ్లెక్సీ సంగతి తర్వాతండి. ఇలాంటిది మనకొక్కరికే జరగలేదు. 2021లో అమెరికాలో షకారీ రిచర్డ్‌సన్ అని పరుగుల అమ్మాయి, వంద మీటర్లు 10.86 సెకన్లలో పరిగెత్తి ఒలింపిక్స్‌కి ఎంపికైంది. తర్వాత పరీక్షలో గంజాయి తేలింది. ఆ అమ్మాయికి అంతకుముందే...

డీలరు: అమెరికా కబుర్లు మనకెందుకండి? అక్కడ దుకాణాల్లో అమ్ముతారు.

లాయరు: ఆవిడ చెప్పేదీ అదే. ఆ పోటీ జరిగిన ఒరెగాన్ రాష్ట్రంలో పెద్దవాళ్లు తాగడం నేరం కాదు. అయినా టోక్యో ఒలింపిక్స్‌లో వంద మీటర్లు పరిగెత్తే అవకాశం పోయింది.

క్రీడాకారిణి: నన్ను చెప్పనివ్వండి. కన్నతల్లి చనిపోయిందని ఆ అమ్మాయికి ఇంటర్వ్యూ మధ్యలో ఒక విలేకరి చెప్పాడంట. ఇంట్లోవాళ్లు కాదు, విలేకరి. ఆ బాధలో...

యాంకర్: అయ్యో. మరి ఆవిడ ఫ్లెక్సీలు, అంటే ప్రకటనలు, ఉంచారా, తీసేశారా?

క్రీడాకారిణి: (కొంచెం ఆగి) నెల రోజులు సస్పెండ్ చేశారండి. 2023లో బుడాపెస్ట్‌లో 10.65తో ప్రపంచ చాంపియన్ అయింది. అది చెప్పండి పిల్లలకి.

డీలరు: స్పాన్సరు గురించి నేను చెప్తానండి. అమెరికా ఈతగాడు ఫెల్ప్స్ ఉన్నాడు. బీజింగ్ ఒలింపిక్స్‌లో ఎనిమిది బంగారు పతకాలు. 2009లో గంజాయి గొట్టం నోట్లో పెట్టుకున్న ఫొటో వచ్చింది. కెల్లాగ్స్ వాడు ఒప్పందం పొడిగించలేదు. అంత పెద్ద కార్న్‌ఫ్లేక్స్ కంపెనీ వదులుకుంటే తప్పు లేదు గానీ, మేత అమ్ముకునేవాణ్ని నేను వదులుకుంటే తప్పా?

యాంకర్: మంచి పాయింట్.

లాయరు: మంచి పాయింట్ ఏంటండీ? ఆ ఫెల్ప్సే తర్వాత లండన్‌లో నాలుగు, రియోలో అయిదు బంగారాలు కొట్టాడు. మూడు నెలల సస్పెన్షన్‌తో సరిపెట్టారు. ఊళ్లో ఎవడూ వెళ్లి ఫొటో చింపలేదు. క్రికెట్లో చూడండి. 1986లో ఇంగ్లండ్ ఆటగాడు బోథమ్ గంజాయి తాగానని ఒప్పుకుంటే రెండు నెలలు ఆడనివ్వలేదు. తిరిగొచ్చి ఓవల్లో మొదటి బంతికే వికెట్...

డీలరు: అంటే గంజాయి తాగితే వికెట్లు పడతాయా? ఇదేనా సార్ లాయరు గారు పిల్లలకి చెప్పేది?

(ఇక్కడ ముగ్గురూ మాట్లాడారు. "వక్రీకరణ" అన్న మాట లాయరు గారిదని గుర్తుపట్టగలిగాం.)

యాంకర్: సార్, సార్. చట్టం ఏమంటుంది?

లాయరు: 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం. అందులో గంజాయి అంటే మొక్క పూత, కాత కొనలు. విడిగా ఉన్న ఆకు, గింజ ఆ నిర్వచనంలోకి రావు. శివరాత్రికి కొన్నిచోట్ల భంగు ఎలా దొరుకుతోందనుకున్నారు? 27వ సెక్షన్ కింద గంజాయి తాగినందుకు ఆరు నెలల దాకా జైలు, లేదా పదివేల దాకా జరిమానా, లేదా రెండూ. అలవాటుపడినవాడు తనంతట తాను వైద్యానికొస్తే 64ఎ సెక్షన్ కింద కేసు నుంచి మినహాయింపు ఉంది. ఫ్లెక్సీ చింపమని ఏ సెక్షన్లోనూ లేదు.

డీలరు: చట్టం సరేనండి. ఏజెన్సీ నుంచి హైవే మీద ఎంత సరుకు మన జిల్లాల మీదుగా పోతోంది? 2022లో అనకాపల్లి దగ్గర పోలీసులు రెండు లక్షల కిలోలు గుట్టపోసి తగలబెట్టారు. రెండు లక్షల కిలోలు!

యాంకర్: ఆ పొగ ఎటు పోయుంటుందో అప్పట్లో మా డెస్కులో పెద్ద చర్చే జరిగింది లెండి.

(నవ్వులు. ఆ తర్వాత ఏడెనిమిది నిమిషాలు చెక్‌పోస్టులు, కొబ్బరిబోండాల లారీలు, మత్తు సరుకుని పట్టుకునే రాష్ట్ర పోలీసుల ఈగల్ విభాగం, దాని 1972 ఫోన్ నంబరు గురించి నడిచింది. కుర్రాడి ఊసే లేదు. అదంతా వదిలేస్తున్నాం.)

యాంకర్: లైన్లో భీమవరం నుంచి ఒక తండ్రి ఉన్నారు. చెప్పండి, ఫ్లెక్సీ ఉంచాలా?

కాలర్: ఫ్లెక్సీ ఏంటోగానండి, మావాడు జిల్లా జట్టుకి ఆడుతున్నాడండి. జలుబు చేస్తే మాత్ర వేశాను. అది కూడా డోపింగేనా అండి?

డాక్టరు: అయ్యా, ఇది అడగాల్సిన ప్రశ్న. కొన్ని జలుబు మాత్రల్లో సూడోఎఫెడ్రిన్ ఉంటుంది. పోటీ సమయంలో మోతాదు దాటితే పట్టుకుంటారు. మాత్ర పేరు చూపించి అడిగి వెయ్యండి. గంజాయి కూడా ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) జాబితాలో పోటీ సమయానికే నిషేధం. మూత్రంలో మిల్లీలీటరుకి 15 నానోగ్రాములున్న హద్దుని 2013లో 150కి పెంచారు. కొవ్వులో నిలవుంటుంది కాబట్టి రోజూ తాగేవాడికి మానేశాక కూడా వారాల తరబడి కనిపించొచ్చు. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ వాళ్లయితే ఆటగాళ్లతో 2023 ఒప్పందంలో ఆ పరీక్షే ఎత్తేశారు. మంచిదని కాదు నేననేది. కూతకెళ్లినప్పుడు ఒక్క క్షణం ఆలస్యమైతే...

డీలరు: ఎత్తేశారంట! వింటున్నారా అండి? డాక్టరు గారే చెప్తున్నారు. రేపు పదో తరగతి పిల్లలు "అమెరికాలో పరీక్షే లేదంట" అంటారు. మన అమలాపురం సాత్విక్ ఉన్నాడు. ఆసియా క్రీడల్లో బ్యాడ్మింటన్ డబుల్స్ బంగారం తెచ్చాడు. ఫ్లెక్సీ అంటే అలాంటోడిది!

డాక్టరు: నా వాక్యం పూర్తి కాలేదండి.

యాంకర్: సాత్విక్ ప్రస్తావన బాగుంది. అంటే ఫ్లెక్సీకి అర్హత ఏమిటి?

లాయరు: నేనడుగుతాను. సంక్రాంతికి డీలరు గారి కొబ్బరితోటలో బరి వేశారా, లేదా?

డీలరు: అది సంప్రదాయమండి!

లాయరు: జంతుహింస నిరోధక చట్టం, 1960. సంప్రదాయమన్నా అందులో కోడిపందేలకి మినహాయింపు లేదు. ఆ బరి దగ్గర మందు పారలేదా? దానికీ ఫ్లెక్సీ కట్టారు. దాని మీద డేగపుంజు ఫొటో, మీ ఫొటో.

డీలరు: కోడికీ మనిషికీ పోలికేంటండి! ఆ పుంజుకి నేను బాదం పెట్టానండి, జీడిపప్పు పెట్టానండి. పొద్దున్నే ఈత కొట్టించాను. పందెమయ్యాక కుట్లేయడానికి మనిషిని పెట్టాను.

క్రీడాకారిణి: ఇప్పుడు నేను మాట్లాడతాను. మీ పుంజుకి కుట్లేసే మనిషి ఉన్నాడు. సెమీఫైనల్లో ఆ కుర్రాడి మోకాలు మెలిపడింది. నేను కోర్టు పక్కనే ఉన్నాను. గోనెపట్టా తడిపి చుట్టారు. ఎవరో నొప్పి మాత్ర నోట్లో వేసి మళ్లీ కూతకి పంపారు. మోకాలు అప్పటికే కొబ్బరికాయంత అయింది. వంద గజాల దూరంలో మీ వ్యాను ఉంది. రొయ్యల పెట్టెల నిండా ఐస్ ఉంది. ఆ మోకాలికి గడ్డ ముక్క దొరకలేదు.

(అయిదారు సెకన్లు ఎవరూ మాట్లాడలేదు. మొత్తం చర్చలో ఇదొక్కటే అలాంటిది.)

యాంకర్: అంటే... నొప్పికి తాగాడంటారా?

క్రీడాకారిణి: నాకేం తెలుసండి? ఎవరైనా వెళ్లి అడిగారా? ఇంట్లోంచి బయటికి రావడం లేదంట. వాళ్లమ్మ...

డీలరు: అమ్మా, ఐస్ గురించి నన్నడగొద్దు. అది ఎగుమతి సరుకు. ఐస్ లేకపోతే గంజాయి తాగేస్తారా? నాకూ మోకాళ్ల నొప్పులున్నాయి, నేను తాగానా? నేను అడిగేది ఒక్కటే. పరువు ఎవరిది? డబ్బు ఎవరిది?

డాక్టరు: ఆ మోకాలికి ముందు స్కాన్ తీయించాలి...

డీలరు: తియ్యమనండి, ఎవరొద్దన్నారు? ముందు తప్పు ఒప్పుకోమనండి. సెంటర్లోకొచ్చి ఊరందరి ముందు చెప్పమనండి.

లాయరు: ఒప్పుకుంటే అదే కేసవుతుంది. అందుకే 64ఎ అని...

యాంకర్: టైమ్ అయిపోతోంది. ఒక్కొక్కరూ ఒక్క మాటలో. ఫ్లెక్సీ ఉంచాలా, దించాలా?

డాక్టరు: ఇది ప్రశ్నే కాదు.

లాయరు: పరీక్ష లేదు, కేసు లేదు. ఏ లెక్కన దించుతారు?

క్రీడాకారిణి: మోకాలు ఎలా ఉందో ముందు...

యాంకర్: ఒక్క మాటలో, మేడం.

డీలరు: దించాలండి! దించాలి, దించాలి. మా బ్రాండు మీద మచ్చ పడితే నేనొప్పుకోను. వచ్చే ఏడు టోర్నీ ఇంతకు రెట్టింపు చేస్తాను, ప్రతి ఆటగాడి దగ్గరా ప్రమాణపత్రం రాయించుకుంటాను. మీ చానెల్ వాళ్లే రావాలి ముఖ్య అతిథులుగా.

యాంకర్: తప్పకుండా సార్. మొత్తానికి దించాలన్న వైపే ఎక్కువ మొగ్గు కనిపించింది. వచ్చిన అందరికీ ధన్యవాదాలు. విరామం తర్వాత, దాళ్వాకి శివారు భూములకు నీళ్లందుతాయా? చూస్తూనే ఉండండి.

(పాట మొదలయ్యాక కూడా ఒక మైకు తెరిచే ఉంది. డీలరు గారు తన పక్కనున్న కుర్రాడితో: "సెంటర్లో ఆ ఫ్లెక్సీ విప్పి జాగ్రత్తగా పట్రండ్రా. చిరిగింది ఆడి వైపే. నా ఫొటో బాగానే ఉంది.")