కోపైలట్ కీని మార్చడం: సెట్టింగ్స్ చాలా, పవర్‌టాయ్స్ కావాలా?

నమస్తే అండి. కొత్త విండోస్ లాప్‌టాప్‌లో స్పేస్‌బార్‌కి కుడివైపు ఆల్ట్ దాటాక ఉంటుంది చూడండి, ఇదిగో ఇదే కోపైలట్ కీ, మైక్రోసాఫ్ట్ ఏఐ సహాయకుడు కోపైలట్‌ని తెరిచేది. 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. చాలా మోడళ్లలో రైట్ కంట్రోల్‌ని లేపేసి ఆ చోట్లో దీన్ని పెట్టారు, కొన్నింట్లో మెనూ కీ పోయింది. ఎక్కువమంది గొడవంతా దాని గురించే.

ముందు విండోస్‌లో ఉన్న దారి చూద్దాం. సెట్టింగ్స్, పర్సనలైజేషన్, టెక్స్ట్ ఇన్‌పుట్. అక్కడ కోపైలట్ కీ ఎంపిక కనిపించకపోతే సెట్టింగ్స్ సెర్చ్ పెట్టెలో కోపైలట్ అని కొట్టండి, వెర్షన్‌ని బట్టి చోటు మారుతోంది. సెర్చ్ ఎంచుకుంటే కీ నొక్కగానే విండోస్ సెర్చ్ తెరుచుకుంటుంది. కస్టమ్ ఎంచుకుంటే మీకు నచ్చిన యాప్ పెట్టుకోవచ్చు. పేరుకే కస్టమ్ లెండి. ఎంఎస్ఐఎక్స్ అనే విండోస్ ప్యాకేజీ రూపంలో వచ్చి, డిజిటల్ సంతకం ఉన్న యాప్‌లే ఆ జాబితాలోకి వస్తాయి. మామూలు ఈఎక్స్ఈ (.exe) ప్రోగ్రామ్ ఎంత వెతికినా దొరకదు.

అది చాలకపోతే పవర్‌టాయ్స్. విండోస్‌కి మైక్రోసాఫ్టే ఇచ్చే అదనపు పనిముట్ల కట్ట ఇది. ఉచితం, మైక్రోసాఫ్ట్ స్టోర్‌లోనే ఉంది. అందులో కీల పని మార్చే కీబోర్డ్ మేనేజర్ ఆన్ చేయండి. ఇక్కడే చాలామంది తప్పు దారి పడతారు: 'రీమ్యాప్ ఎ కీ' కాదు, 'రీమ్యాప్ ఎ షార్ట్‌కట్' లోకి వెళ్లాలి. ఎందుకో చూపిస్తాను. రికార్డ్ పెట్టెలో కోపైలట్ కీ ఒక్కటే నొక్కుతున్నాను. తెరమీద ఎన్ని పడ్డాయి? మూడు. లెఫ్ట్ విండోస్, లెఫ్ట్ షిఫ్ట్, ఎఫ్23. అంటే బయటికి ఒక్క కీ, లోపల మూడు కీలు కలిపి నొక్కినట్టు. రిజిస్ట్రీలో (విండోస్ లోపలి సెట్టింగ్స్ పట్టికలో) స్కాన్‌కోడ్, అంటే ఒక్కో కీకి ఉండే నంబరు, మార్చేసే పాత చిట్కా దీనిమీద సరిగ్గా పారకపోవడానికీ ఇదే కారణం. ఎఫ్23ని మార్చినా మిగతా రెండూ వెంట వస్తూనే ఉంటాయి.

ఇప్పుడు కుడిపక్క 'రన్ ప్రోగ్రామ్' ఎంచుకుని ఏ ఈఎక్స్ఈ ఫైల్ అయినా ఇచ్చేయండి. యాప్ తెరవడానికి ఇది భేషుగ్గా పనిచేస్తుంది.

రైట్ కంట్రోల్ కావాలంటే మాత్రం కాస్త ఆగండి. కంట్రోల్ అనేది పట్టుకుని ఉంచే కీ. కొన్ని లాప్‌టాప్‌లలో ఈ కీని మీరు నొక్కి పట్టుకున్నా, కీబోర్డ్ లోపలి ఫర్మ్‌వేర్ (హార్డ్‌వేర్‌ని నడిపే ప్రోగ్రామ్) మాత్రం నొక్కి వెంటనే వదిలేసినట్టు చెబుతుంది. మీది ఏ రకమో తేల్చుకోవడం తేలిక: రైట్ కంట్రోల్‌కి మ్యాప్ చేసి, బ్రౌజర్ తెరిచి, కీ పట్టుకునే మౌస్ చక్రం తిప్పండి. పేజీ జూమ్ అయితే అదృష్టం. జూమ్ కాకుండా ఊరికే స్క్రోల్ అయిందా, చాలావరకు కీనే వదిలేస్తోందని అర్థం. అలాంటప్పుడు ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని పూర్తిగా సరిచేయలేదు.

పట్టుకునే రకమే అయినా, ఒక్కోసారి షిఫ్టో విండోస్ కీయో ఇరుక్కుపోతుంది. షిఫ్ట్ అయితే టైప్ చేసిందల్లా పెద్దక్షరాల్లో పడుతుంది, విండోస్ కీ అయితే షార్ట్‌కట్లు పనిచేసేస్తాయి. ఎడమవైపు షిఫ్ట్, విండోస్ కీలను ఒక్కోసారి నొక్కి వదిలితే విడిపోతుంది. మళ్లీ మళ్లీ అలాగే అయితే, చిన్న స్క్రిప్టు రాసి కీల పని మార్చే ఆటోహాట్‌కీ అనే ప్రోగ్రామ్ నయం. స్క్రిప్టులో వరస ముఖ్యం: ముందు షిఫ్ట్, విండోస్ కీలను పైకి లేపాలి (వదిలినట్టు చేయాలి), తర్వాత రైట్ కంట్రోల్ కిందికి, ఎఫ్23 వదిలేదాకా ఆగి, అప్పుడు కంట్రోల్ పైకి.

పవర్‌టాయ్స్ నడుస్తున్నంతసేపే ఈ మార్పు ఉంటుంది. లాగిన్ పాస్‌వర్డ్ తెరమీద పనిచేయదు. అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన ప్రోగ్రామ్‌లలో కీ పలకకపోతే పవర్‌టాయ్స్‌ని కూడా అడ్మినిస్ట్రేటర్‌గానే నడపాలి.

వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్‌లోనే ఇంకో కంప్యూటర్‌ని నడిపే ప్రోగ్రామ్) వాడేవాళ్లకి ఒక మాట. అందులో హోస్ట్ కీ, అంటే లోపలి కంప్యూటర్ నుంచి కీబోర్డ్‌ని బయటికి తెచ్చే కీ, మామూలుగా రైట్ కంట్రోలే. దానికోసమే అయితే ఈ తిప్పలేవీ వద్దు, వర్చువల్‌బాక్స్ ప్రిఫరెన్సెస్‌లో ఇన్‌పుట్‌కి వెళ్లి హోస్ట్ కీనే వేరేది పెట్టేసుకోండి.