నిట్టనిలువు ఇసుక గోడలు: ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఒక సైన్సు పాఠం

అందరికీ నమస్కారం. ఇక్కడున్నవాళ్లలో ఎక్కువమంది హైస్కూలు ఉపాధ్యాయులే. పిల్లల్ని బయటికి తీసుకెళ్లడం మంచిదా కాదా అన్న చర్చ మీకు అక్కర్లేదు. తీసుకెళ్లాక పాఠం జరగాలంటే ఏం చేయాలో మాట్లాడుకుందాం. ఒక్క చోటునే ఉదాహరణగా తీసుకుంటాను: విశాఖపట్నానికీ భీమిలికీ మధ్య, సముద్రం ఒడ్డునే ఉన్న ఎర్రమట్టి దిబ్బలు. 2014లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించింది.

మామూలుగా ఏం చేస్తాం? పొద్దున బొర్రా గుహలు, మధ్యాహ్నం అరకు, వీలైతే దారిలో ఇంకో రెండు. సాయంత్రానికి పిల్లలకు గుర్తుండేది బస్సులో పాటలూ, భోజనమూ. అది విహారయాత్ర, తప్పేమీ లేదు. కానీ పాఠం కావాలంటే ఒక యాత్రకు ఒకే ప్రశ్న ఉండాలి, దాని జవాబు పిల్లలు కొలిచి తెలుసుకునేదై ఉండాలి.

దిబ్బల దగ్గర ఆ ప్రశ్న ఇది: పొడి ఇసుక పోగు వాలు సుమారు 34 డిగ్రీలు దాటదు, జారిపోతుంది. ఇక్కడి ఇసుక గోడలు నిట్టనిలువుగా ఎలా నిలబడ్డాయి?

ఈ 34ను మీరు చెప్పకండి. వారం ముందే బడిలో కొలిపించండి. రెండు కిలోల ఇసుకను ముందురోజు ఎండలో బాగా ఆరబెట్టి, గరాటులోంచి నెమ్మదిగా పోయించండి. గరాటు మూతి పోగు కొనకు దగ్గరగానే ఉండాలి. ఎత్తు నుంచి పోస్తే కొన చెదిరి పోగు చదునవుతుంది, కోణం తక్కువ వస్తుంది. ఎత్తు 8 సెంటీమీటర్లు, అడుగు వ్యాసం 24 వచ్చిందనుకోండి: ఎనిమిదిని వ్యాసార్ధం పన్నెండుతో భాగిస్తే 0.67. ఇది వాలు కోణం టాన్ విలువ, అంటే కోణం దాదాపు 34 డిగ్రీలు. పదో తరగతి త్రికోణమితికి ఇంతకంటే మంచి లెక్క దొరకదు. తర్వాత అదే ఇసుకను కాస్త తడిపి మళ్లీ చేయించండి. ఈసారి పోగు నిటారుగా నిలుస్తుంది. "తడి వల్లే గోడలు నిలిచాయి" అని పిల్లలు తేల్చేస్తారు. తేల్చనివ్వండి. జనవరిలో వానలు లేని రోజున దిబ్బల దగ్గర ఎండిన గోడల్ని చూసినప్పుడు ఆ జవాబు వాళ్ల కళ్లముందే వీగిపోవాలి.

బయలుదేరేముందు ఇంకో పని ఉంది. కొత్త చోట పిల్లల బుర్ర సగం కొత్తదనానికే ఖర్చవుతుంది. ఇజ్రాయెల్ విద్యా పరిశోధకుడు నీర్ ఓరియన్ దీన్ని మూడు పాళ్లుగా చూపించారు: విషయం తెలియకపోవడం, చోటు తెలియకపోవడం, రోజు ఎలా గడుస్తుందో తెలియకపోవడం. కాబట్టి పటం చూపించండి. ఎంత దూరం నడవాలో, ఎక్కడ తింటారో, మరుగుదొడ్డి ఎక్కడుందో ముందే చెప్పండి. ఈ చివరి సంగతి తెలియక ఆడపిల్లలు పొద్దుట్నుంచీ నీళ్లు తాగకుండా వస్తారు, పదింటికల్లా ఎండకు సోలిపోతారు.

నలభై మందికి ఎనిమిది జట్లు, పదిమందికి ఒక పెద్దమనిషి. జట్టుకో భూతద్దం, టేపు, తెల్ల గుడ్డ ముక్క, దారానికి బరువు కట్టిన కోణమాని. రాయడానికి పెన్సిలే, చెమటకు సిరా చెదిరిపోతుంది. ఆగే చోట్లు మూడు, మహా అయితే నాలుగు.

కోణమానితో దాదాపు ప్రతి జట్టూ ఒకే తప్పు చేస్తుంది. కోణమాని తిన్నని అంచు వెంబడి చూసినప్పుడు నేల చదునైతే దారం 90 మీద ఉంటుంది. వాలు కావాలంటే 90కీ రీడింగుకీ తేడా తీయాలి. పిల్లలు రీడింగునే వాలుగా రాసేస్తారు. ఇంకొకటి: వాలు పైనున్న నేస్తం పాదాల్ని గురిచూస్తే లెక్క తప్పుతుంది. తనంత ఎత్తున్న వాళ్లను నిలబెట్టి కళ్లకు గురిపెట్టాలి.

గోడల కింద మాత్రం ఎవర్నీ నిలబెట్టొద్దు. విరిగిపడతాయి. గోడ ఎత్తుకు తగ్గని దూరంలో ఉంచండి, అంత జాగా లేని ఇరుకు కోతల్లోకి అసలు తీసుకెళ్లకండి. గోడల పైఅంచుకూ అదే జాగ్రత్త. వాన పడిన మర్నాడు యాత్ర వాయిదా వేసుకోవడమే మేలు. నిలువు గోడ కోణాన్ని దూరం నుంచే, చేయి చాచి పట్టుకున్న కోణమానితో చూడొచ్చు.

ఆ తర్వాత నడిచే దారిలోని చిటికెడు ఎర్ర ఇసుకను అరచేతిలోకి తీసుకుని భూతద్దంతో చూడమనండి. రేణువుల మీద ఎర్రని పూత కనిపిస్తుంది. తడి గుడ్డతో రుద్దితే గుడ్డకు రంగంటుతుంది. చూశాక ఇసుకను అక్కడే వదిలేయాలి. ఇది రక్షిత స్థలం, తవ్వడం, సీసాల్లో పట్టుకెళ్లడం లేదు. పక్కనే ఉన్న తీరానికి నడిచి అక్కడి ఇసుకతో అదే పరీక్ష చేస్తే గుడ్డ ఎర్రబడదు. అక్కడి నల్ల చారల మీద పాలిథిన్ సంచిలో చుట్టిన అయస్కాంతం తిప్పనివ్వండి. సంచి లేకపోతే అంటుకున్న పొడిని వదిలించలేక అరగంట పోతుంది.

కథ అప్పుడు చెప్పండి. సముద్రమట్టం తగ్గిన కాలాల్లో తీరపు ఇసుక బయటపడి, గాలికి ఎగిరొచ్చి దిబ్బలు కట్టింది. సుమారు 20 వేల ఏళ్ల కిందట, చివరి మంచుయుగం తారస్థాయిలో, సముద్రం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు దిగువన ఉండేది. తూర్పు కనుమల రాళ్ల నుంచి వచ్చిన ఆ ఇసుకలోని గార్నెట్ లాంటి ఇనుప ఖనిజాలు క్రమంగా శిథిలమై రేణువులకు ఇనుప ఆక్సైడు పూత పట్టింది. ఆ పూతా, సన్నని బంకమన్నూ కలిసి ఇసుకను పట్టి ఉంచాయి. తర్వాత వాననీరు కోసుకుంటూ పోతే గోడలు తేలాయి. ఇదంతా బస్సులోనే చెప్పేస్తే అక్కడ చూడటానికి ఏమీ మిగలదు.

నోటుబుక్కులో రెండు నిలువు గడులు గీయించండి: "చూసింది", "అనుకుంటున్నది". "సముద్రం వెనక్కి వెళ్లింది" అని మొదటి గడిలో రాసిన పిల్లవాడితో పది నిమిషాలు మాట్లాడితే ఆ రోజు ఖర్చంతా గిట్టుబాటే.

తిరిగొచ్చిన రెండు రోజుల్లోపే తరగతి పెట్టండి, వారం దాటితే రాతలు వాళ్లకే అర్థం కావు. ఎనిమిది జట్ల కొలతలూ బోర్డు మీద వేసి, ఎక్కువ తేడా ఉన్నదాన్ని కొట్టేయకుండా ఎందుకొచ్చిందో అడగండి. ఊళ్లో దొరికే ఎర్రమట్టి ఒక సీసాలో, ఏటి ఇసుక ఇంకో సీసాలో వేసి నీళ్లు పోసి కుదపండి. ఇసుక నిమిషంలో దిగుతుంది, బంకమన్ను నీళ్లు మర్నాటికీ తేరవు. ఇసుకను పట్టి ఉంచే సన్నని మన్ను ఎలాంటిదో అప్పుడు చేతికి తెలుస్తుంది.

విశాఖ దాకా రాలేనివాళ్లు ఊరి చెరువు గట్టుతో ఇదే పద్ధతి నడపొచ్చు. వాలు ఎంత, గట్టు మట్టిలో బంకమన్ను ఎంత, ఎక్కడ కోతపడుతోంది, ఎందుకు. బస్సు కూడా అక్కర్లేదు, రెండు పీరియడ్లు కలిపి తీసుకుంటే చాలు.