సెల్లు తీసి పెట్టండి

అందరికీ నమస్కారమండీ. పదిహేను నిమిషాలే ఇచ్చారు, పేరుపేరునా థ్యాంక్స్ చెప్తూ కూర్చుంటే సగం దానికే పోతుంది, అందుకని అందరికీ కలిపి ఒకటే దండం.

హాబీ గురించి మాట్లాడమన్నారు. నేను పాత అమెరికన్ టీవీ షోల కార్ల బొమ్మలు పోగుచేస్తాను, అందులోనూ రిమోట్‌తో నడిచేవే. నైట్ రైడర్‌లో కిట్, డ్యూక్స్ ఆఫ్ హజార్డ్‌లో నారింజ రంగు జనరల్ లీ, ఏ-టీమ్ వ్యాను. మూడూ 1979కీ 1987కీ మధ్య ఇక్కడ అమెరికాలో ఇంటింటా నడిచిన షోలు. కిట్ అంటే 1982 పాంటియాక్ ట్రాన్స్ ఆమ్, మాట్లాడే కారు, ముందు ఎర్ర లైటు అటూ ఇటూ పరిగెత్తేది. అలా పరిగెత్తే లైటుని ఎలక్ట్రానిక్స్ వాళ్ళు ఇప్పటికీ లార్సన్ స్కానర్ అంటారు, షో సృష్టించిన గ్లెన్ లార్సన్ పేరు మీద. నా బొమ్మకి మాత్రం ఆ లైటు ఉండాల్సిన చోట ఎర్ర స్టిక్కర్ ఉంది, అయినా నాకు అదే ప్రాణం.

ఎలా కొనాలి, ఎలా చూసుకోవాలి, ఎలా బాగుచేయాలి అని మూడు ముక్కలు రాసుకొచ్చాను. మొదటిదాంట్లో ఒక్కటే చెప్తా. "అన్‌టెస్టెడ్", అంటే నడుస్తుందో లేదో చూడలేదు అని రాసి అమ్మేవాళ్ళని నమ్మకండి. నా కిట్‌ని ఒకాయన అలాగే అమ్మాడు. రెండు బ్యాటరీ సెల్లు వేసి చూడ్డానికి ఎంతసేపండీ? చూసే ఉంటాడు, నడవలేదు, అందుకే అలా రాశాడు. నడవదు అని రాసినా నేను కొనేవాడినే, బాధంతా అక్కడే.

ఇంటికి తెచ్చి కింద మూత తీస్తే లోపలంతా తెల్లగా ఉప్పు పేరుకున్నట్టు, స్ప్రింగులు పచ్చగా తుప్పు పట్టి ఉన్నాయి. సెల్లు కారిపోయాయి. ఎన్నేళ్ళ కిందటో ఏ పిల్లాడో ఆడుకుని పక్కన పెట్టేశాడు, సెల్లు తీయలేదు. రిమోట్ కూడా లేదు.

అప్పుడు మా నాన్న ఇక్కడే ఉన్నారు, ఆరు నెలలకి వచ్చి. తెనాలిలో ముప్ఫై ఏళ్ళు రేడియో మెకానిక్ ఆయన. మీ అందరికీ తెలుసుగా, మన పెద్దవాళ్ళు ఇక్కడికొస్తే పగలంతా ఏం చేయాలో తోచక కిటికీ దగ్గర కూర్చుంటారు. ఆ కారు చూడగానే లేచొచ్చి, "ఎవడ్రా సెల్లు తీయకుండా పెట్టింది" అని నిజంగా కోప్పడ్డారు. మా ఇంట్లో టార్చిలైటు వాడగానే సెల్లు తీసి విడిగా పెట్టాల్సిందే, నీరసపడితే డాబా మీద ఎండలో పెట్టేవాళ్ళం.

వంటింట్లోంచి నిమ్మకాయ తెమ్మన్నారు. ఆల్కలైన్ సెల్లోంచి కారిన క్షారానికి గాలి తగిలి ఆ తెల్ల పొడి అవుతుంది, దానిమీద నిమ్మరసం చుక్క వేస్తే బుస్సుమని పొంగింది. తుడిచారు, మళ్ళీ వేశారు, మళ్ళీ తుడిచారు, తర్వాత తడిగుడ్డ, తర్వాత ఆరబెట్టడం. తెగిన తీగ అతికారు. ఆ టంకం వాసనకి నేను మళ్ళీ తెనాలి షాపులో స్టూలెక్కి కూర్చున్నట్టే అయ్యింది.

రిమోట్ సంగతి చెప్పాలి. ఇక్కడ ఇలాంటి బొమ్మలకి రేడియో ఫ్రీక్వెన్సీ ఎక్కువగా 27 మెగాహెర్ట్జో 49 మెగాహెర్ట్జో ఉండేది, కారుదీ రిమోట్‌దీ ఒకటే అయితేనే పనిచేస్తుంది. మా కారు కింద 49 అని ఉంది. ఒక ఫ్లీ మార్కెట్లో చార్జర్లూ వైర్లూ పడేసిన అట్టపెట్టెలో అదే నంబరున్న ఒంటి బటన్ రిమోట్ దొరికింది, వేరే బొమ్మది. ఒంటి బటన్ అంటే, కారు ఆన్ చేస్తే నేరుగా ముందుకే పోతుంది, బటన్ నొక్కితే వెనక్కొస్తూ ఒక పక్కకి తిరుగుతుంది, అంతే. నొక్కాం. కదల్లేదు.

నాన్న బోర్డు మీద చిన్న కాయిల్ చూపించి, "మన రేడియోల్లో ట్యూన్ చేసే ఐఎఫ్‌టీ కాయిల్ లాంటిదేరా, ఇనప స్క్రూడ్రైవర్ పెడితే ట్యూనింగ్ మారిపోతుంది, మధ్యలో తిప్పే కోర్ కూడా విరుగుద్ది" అని ఐస్‌క్రీమ్ పుల్లని చాకుతో సన్నగా చెక్కారు. నన్ను రిమోట్ నొక్కి పట్టుకోమని, పుల్లతో కోర్‌ని వెంట్రుకవాసి తిప్పుతూ, తిప్పుతూ... చక్రం గిర్రున వెనక్కి తిరిగింది. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, "అద్గదీ!" అని అరిచారు. ఆ నెల ఇంకో నాలుగు కార్లు బాగుచేశారు, ఆ తర్వాత కిటికీ దగ్గర కూర్చోలేదు. తిరిగి వెళ్ళిన రెండో ఏడు పోయారు. ఆ పుల్ల నా దగ్గరే ఉంది.

రాసుకొచ్చిన మిగతావి వదిలేస్తున్నా, క్షమించండి.

జనరల్ లీ గురించి ఒక మాట చెప్పాలి, దాని మీద కాన్ఫెడరేట్ జెండా ఉంటుంది, బానిసత్వాన్ని నిలుపుకోవడానికి అమెరికా నుంచి విడిపోయి యుద్ధం చేసిన దక్షిణాది రాష్ట్రాల జెండా. 2015లో చార్లెస్టన్‌లో నల్లజాతి వాళ్ళ చర్చిలో ఒక జాత్యహంకారి జరిపిన కాల్పుల తర్వాత ఆ జెండాతో బొమ్మలకి లైసెన్స్ ఇవ్వడం వార్నర్ బ్రదర్స్ ఆపేసింది, సరైన పనే చేసింది. నేను జెండా పీకలేదు, దాని చరిత్ర మాత్రం మా అమ్మాయికి కూర్చోబెట్టి చెప్పాను.

ఇప్పుడు మిమ్మల్ని అడుగుతున్నా. మీ గరాజుల్లో, మీ పిల్లల పాత డబ్బాల్లో బొమ్మలుంటాయి. ఈ రాత్రికే మూత తీసి సెల్లు బయట పెట్టండి, కారితే నిమ్మకాయ ఉంది కదా. కారు లేదని రిమోట్ పారేయకండమ్మా, ముఖ్యంగా వెనక 27 అని ఉన్నవి. నా జనరల్ లీకి అది లేదు, నా చేతికొచ్చాక ఒక్కసారి కూడా కదల్లేదు. దొరికితే నాకివ్వండి, మధ్యాహ్నం భోజనాల దాకా వెనక టేబుల్ దగ్గరే ఉంటాను.