ఖర్చు లెక్క వేరు, ఫలితం లెక్క వేరు

సభకు నమస్కారం.

ఏ ప్రభుత్వ శిక్షణ పథకం నివేదిక తెరిచినా మొదట కనిపించేవి ఖర్చయిన నిధులు, నడిచిన తరగతులు, ధ్రువపత్రాలు అందుకున్నవారి సంఖ్య. ఇవన్నీ పని జరిగిందనడానికి ఆధారాలే గాని, ఫలితానికి కావు. శిక్షణ పొందినవారిలో సగం మందికి ఉద్యోగాలు వచ్చినా, శిక్షణ లేకుండా ఎందరికి వచ్చేవో తెలియనిదే ఆ ఘనతను పథకం ఖాతాలో వేయలేం.

అందుకే పథకం అందినవారిని, అన్ని విధాలా వారిని పోలి ఉండి పథకం అందనివారితో సరిపోల్చాలి. ఎవరికి అందాలో లాటరీ తీస్తే ఈ పోలిక నమ్మదగినదవుతుంది. అది అన్యాయమనేవారున్నారు, నిధులు అందరికీ చాలనప్పుడు సిఫార్సుకంటే లాటరీయే న్యాయమని నా అభిప్రాయం.

లబ్ధిదారుల్ని అడిగితే సరిపోదా? అమెరికాలోని మసాచుసెట్స్‌లో బాలురు నేరాల బాట పట్టకుండా చూసేందుకు 1939లో మొదలైన కేంబ్రిడ్జ్–సోమర్‌విల్ అధ్యయనం దీనికి గట్టి జవాబు. 506 మంది బాలురను జంటలుగా విడదీసి, ప్రతి జంటలో ఒకరికి మాత్రమే ఏళ్ల తరబడి సలహాదారుల తోడ్పాటు, వైద్యం, చదువులో సాయం అందించారు. దాదాపు 30 ఏళ్ల తర్వాత పరిశోధకురాలు జోన్ మెక్‌కార్డ్ వారి జాడ తీయగా, సాయం పొందినవారిలో ఎక్కువమంది అది తమకు మేలు చేసిందనే చెప్పారు. కాని 1978లో ఆమె ప్రకటించిన పోలికలో, మళ్లీ నేరం చేయడం, తాగుడు, అకాల మరణం వంటివి సాయం అందనివారిలోకన్నా వారిలోనే ఎక్కువగా కనిపించాయి. వారు అబద్ధం చెప్పలేదు. తాము నడవని దారి ఎలా ఉండేదో ఎవరికి మాత్రం ఎలా తెలుస్తుంది?

ఎప్పుడు కొలుస్తామన్నదీ ముఖ్యమే. పేదల వాడల్లోని కుటుంబాలు మెరుగైన ప్రాంతాలకు మారేందుకు అమెరికా 1994 నుంచి ఐదు నగరాల్లో లాటరీ పద్ధతిన అద్దె సాయం ఇచ్చింది. పెద్దల సంపాదన పెరగకపోవడంతో చాలామంది పెదవి విరిచారు. పదమూడేళ్లు నిండకముందే అలా మారిన పిల్లలు మాత్రం, ఇరవైల మధ్యకు వచ్చేసరికి, లాటరీలో సాయం దక్కని కుటుంబాల పిల్లలకన్నా 31 శాతం ఎక్కువ సంపాదిస్తున్నారని 2015లో వెలువడిన పరిశోధన చూపింది. మొదట్లో నమోదైన కుటుంబాల వివరాలను పన్ను రికార్డులతో జతచేయగలిగారు కనుకనే ఆ సంగతి తేలింది. లబ్ధి పొందినవారి వివరాలతోపాటు పొందనివారి వివరాలనూ మొదటి రోజు నుంచే భద్రపరచాలని నేను పట్టుబట్టేది ఇందుకే.